నిద్రమొహంది

ధనమ్మ నిద్ర ఎలాంటిదో చెప్పాలంటే ముందు బందరు–గుడివాడ పాసింజరు బండి సంగతి చెప్పాలి. ఎండుచేపల తట్టని రైలుపెట్టెలో తలుపు పక్కన దించి, దానికి వీపు ఆనించి కూర్చుందంటే చిలకలపూడి దాటకముందే ఒళ్ళు తెలియని నిద్ర. పెడనలో జనం ఎక్కి కాళ్ళు తొక్కినా చలనం ఉండేది కాదు. గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు గోల గోలగా దిగుతుంటే ఒక కన్ను తెరిచేది. నూజెళ్ళలో రెండోది తెరిచేది. ముప్పై ఏళ్ళు అదే పని చేసింది గానీ ఒక్కనాడు గుడివాడ దాటి పోలేదు. తోటి ఆడవాళ్ళు వేళాకోళం చేస్తే, "మీరంతా నిద్ర చెప్పినట్టు వింటారు, నిద్ర నేను చెప్పినట్టు వింటది" అనేది. అంత పొగరు.

అలాంటి మనిషికి యాభై మూడో ఏట నిద్ర కరువైంది.

గర్భసంచిలో గడ్డలున్నాయని బందరులో ఒక ఆసుపత్రిలో సంచే తీసేశారు. మంగినపూడి రోడ్డు నుంచి లోపలికి ఉన్న వాళ్ళ పాలెంలో దాన్ని పెద్దాపరేషన్ అంటారు. పొత్తికడుపు మీద అడ్డంగా జానెడు కోత. ఆరో రోజున ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ రెండే ముక్కలు చెప్పింది. బరువులు ఎత్తొద్దంది, బాగా రెస్టు తీసుకోమంది. ఆ రెండో ముక్కే కొంప ముంచింది.

ఇంట్లో రాత్రిళ్ళు ఎలా గడిచాయో ధనమ్మని అడగకండి, తిడుతుంది. ఆమెకి బోర్లా పడుకోవడం అలవాటు, ఇప్పుడు బోర్లా పడుకోవడానికి లేదు. పక్కకి తిరిగితే కుట్లు లాగుతాయి. వెల్లకిలా పడుకుంటే నడుం పట్టేస్తుంది. దగ్గు వస్తే కడుపు రెండు చేతులతో పట్టుకుని దగ్గాలి. వీటికి తోడు సంచి తీసేశాక కొత్తగా మొదలైన ఆవిర్లు. ఉన్నట్టుండి ఒళ్ళంతా కుంపట్లో పెట్టినట్టు అయిపోయి, జాకెట్టు తడిసి ముద్దయ్యేది. కింద చాప మీద మొగుడు లక్ష్మయ్య గురకపెట్టి నిద్రపోతుంటే ఆ ముక్కు గట్టిగా మూసెయ్యాలనిపించేది. ఆయన చేసిన తప్పేమీ లేదు. నిద్రపోవడమే తప్పులా కనబడే రోజులవి.

రాత్రి పోతే పోయింది, పగలైనా ఒక గంట కళ్ళు మూసుకుందామంటే మూసుకోనిచ్చేవాళ్ళు లేరు. లక్ష్మయ్యకి అంకమ్మ అని ఒక అక్క ఉంది. దివిసీమలో నాగాయలంక దగ్గర ఉంటుంది. మరదలికి ఆపరేషన్ అనగానే రెండు చీరలు సంచిలో పెట్టుకుని పులిగడ్డ వంతెన దాటి వచ్చేసింది. డెబ్బై దగ్గర పడినా మనిషి గట్టిది. వంటా ఆమెదే, పెత్తనమూ ఆమెదే.

"వదినా, ఒక్క గంట కన్ను మూసుకుంటా. రాత్రంతా కునుకు లేదు," అంది ధనమ్మ ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే.

"పచ్చి ఒళ్ళు. పగలు నిద్రపోతే నీరు దిగుద్ది, కుట్లు చీము పడతయ్యి. తెలియని దానివా నువ్వు?"

"డాక్టరమ్మ రెస్టు తీసుకోమంది."

"రెస్టు తీసుకోమంది గానీ నిద్రపొమ్మందా? మంచం మీదే ఉన్నావుగా. అదే రెస్టు."

మంచం పక్కన స్టూలు మీద చెంబునిండా నీళ్ళు, ఒక తడిగుడ్డ పెట్టుకుంది అంకమ్మ. రెప్ప వాలితే ముఖం మీద తడిగుడ్డ. దానికీ లొంగకపోతే చెంబులో వేళ్ళు ముంచి కళ్ళలోకి చిలకరింత. అదేదో కక్షతో చేస్తోందనుకునేరు, కాదు. మరదలు బతికి బట్టకట్టాలనే చేస్తోంది. ప్రేమగా చేసే ఆ పనికి ధనమ్మ ఒళ్ళు మండిపోయేది.

ఎదురు తిరగొచ్చుగా అంటారా? పాలెంలో ధనమ్మ నోటికి మించిన నోరు లేదు. కానీ ఈ విషయంలో ఆమెకి నోరెత్తే హక్కు లేదు. ఎందుకంటే ఈ చెంబు, ఈ తడిగుడ్డ అంకమ్మ సొంత తెలివి కాదు. పాలెంలో వీటికి పేరుపడ్డ మనిషి ధనమ్మే. ఏ ఇంట బాలింత ఉన్నా, ఎవరి ఒంటి మీద కోత పడినా "ధనమ్మని కూర్చోబెట్టండి, ఇక కన్ను వాలదు" అనేవాళ్ళు. ఆమె గుడివాడ బేరం మానుకుని మరీ వెళ్ళి కూర్చునేది. నిజంగానే ఎవరి కన్నూ వాలేది కాదు. అలా ఎంతమందిని కాసిందో ఆమెకే తెలియదు.

వాళ్ళందరూ ఇప్పుడు పరామర్శకి వస్తున్నారు. బ్రెడ్డు ప్యాకెట్టు ఒకరు, బత్తాయిలు ఒకరు. వచ్చినవాళ్ళు ఊరికే పోరు. మంచం పట్టె మీద కూర్చుని తమ ఆపరేషన్ సంగతి మొదటినుంచి చెప్తారు. ఎవరి కోత ఎంత పొడుగో, ఎవరికి ఎన్ని సీసాల రక్తం ఎక్కించారో. ఆపరేషన్ అయింది నాకా వీళ్ళకా అని ధనమ్మ పళ్ళు నూరుకునేది. మధ్యలో ఆమె కళ్ళు మూతలు పడితే వాళ్ళే భుజం పట్టి కుదిపేవాళ్ళు. "నువ్వు మమ్మల్ని పడుకోనిచ్చావా ఏంటి" అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు నవ్వులాగే ఉండేది గానీ చెయ్యి మాత్రం గట్టిగా కుదిపేది.

వచ్చినవాళ్ళకి ఇంకో కాలక్షేపం ఉంది. ధనమ్మ మనవరాలు లహరికి నాలుగేళ్ళు. దాన్ని దగ్గరికి పిలిచి, "మీ అమ్మ పేరేంటే?" అని అడుగుతారు.

"నిద్రమొహంది," అంటుంది లహరి.

ఇల్లంతా నవ్వులు. లహరికి కూడా ఆ నవ్వులు ఇష్టం. వంటింటి గడపలో నిలబడ్డ వాళ్ళమ్మ రోజా మాత్రం నవ్వదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, మాట తక్కువ. మొగుడు, ధనమ్మ కొడుకు మోహన్, బోటు మీద వేటకి వెళ్తే పది రోజులకి గానీ ఇంటికి రాడు. వాడు కూడా ఫోనులో "ఏం చేస్తందే నిద్రమొహంది" అనే అడుగుతాడు. ఆ పేరు పెట్టింది ధనమ్మ.

ఆర్ఎంపీ జకరయ్య రోజు విడిచి రోజు వచ్చి కట్టు మార్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడే ధనమ్మ అతన్ని అడిగేసింది.

"జకరయ్యా, నిజం చెప్పు. పగలు పడుకుంటే చీము పడుద్దా?"

జకరయ్య కత్తెర పక్కన పెట్టి అంకమ్మ వైపు చూశాడు. అంకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"పెద్దవాళ్ళు చెప్పింది కాదంటే ఎట్టాగమ్మా," అన్నాడు.

"నిన్ను అడిగింది మందు సంగతి. పెద్దవాళ్ళని నేనూ అడగగలను. ఆ మాత్రానికి నువ్వెందుకు, నీ సంచెందుకు?"

అతను తల వంచుకుని ప్లాస్టరు అంటించి వెళ్ళిపోయాడు. ఆ కోపంతో ధనమ్మకి ఆ రోజంతా నిద్ర రాలేదు. అంకమ్మకి పని తేలికైంది.

నాలుగో రోజుకి ఆమె మనిషిలా లేదు. మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తే ఎందుకిచ్చారో మర్చిపోయేది. లక్ష్మయ్య చొక్కా గుండీ తెగిందంటే ఏడ్చేసింది. ధనమ్మ ఏడవడం లక్ష్మయ్య అదే మొదటిసారి చూడటం, భయపడి బయటికి వెళ్ళిపోయాడు.

అంకమ్మకి ఒక బలహీనత ఉంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక గంటన్నర పడుకోకపోతే ఆమెకి తల పగిలిపోతుంది. ఆమె ఒంటి మీద కోతలేమీ లేవు కాబట్టి ఆమె పడుకోవచ్చు. మొదటి మూడు రోజులూ పరామర్శకి వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరిని కాపలా పెట్టి వసారాలో నడుం వాల్చింది. నాలుగోరోజు ఎవరూ రాలేదు. రోజాని పిలిచి చెంబు చేతికిచ్చింది.

"కన్ను వాలిందంటే నీళ్ళు కొట్టు. అత్త అని కూడా చూడమాక."

అయిపోయాను అనుకుంది ధనమ్మ. నాలుగేళ్ళ కిందట ఇదే గదిలో, ఇదే చెంబుతో, ఇరవై ఒక్క రోజులు ఈ పిల్ల కళ్ళలో తాను నీళ్ళు కొట్టింది. ఇప్పుడు దాని వంతు వచ్చింది. కొట్టుకోనీ. తన ఒంట్లో తిట్టడానికి కూడా ఓపిక లేదు.

రోజా చెంబు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. బయట కనకాంబరం మొక్క మొదట్లో నీళ్ళన్నీ పోసేసింది. ఖాళీ చెంబు తెచ్చి స్టూలు మీద పెట్టి, తలుపు గొళ్ళెం వేసి, దానికి వీపు ఆనించి కింద కూర్చుంది.

"పడుకో అత్తా."

"ఏంటి?"

"పడుకో. పెద్దత్త లేచేలోపు లేపుతా."

ధనమ్మ ఇంకేదో అనబోయింది. అనేలోపే పాసింజరు బండి చిలకలపూడి దాటేసింది.

లేచేసరికి ఎండ కిటికీ మొదట్నుంచి గోడ మీదికి ఎక్కింది. ఆమెకి ముందు భయం వేసింది. చెయ్యి పెట్టి కట్టు తడిమి చూసుకుంది, పొడిగానే ఉంది. కళ్ళలో మంట లేదు. తలలో హోరు లేదు. మనిషి జన్మలోకి తిరిగి వచ్చినట్టుంది. అంత సుఖం ఒంటికి తగిలాక ధనమ్మకి అనుమానం పుట్టింది. ఊరికే మంచి చేసేవాళ్ళని నమ్మే మనిషి కాదు.

"ఎందుకు పడుకోనిచ్చావే? నా మీద జాలిపడ్డావా?"

"జాలి కాదు," అంది రోజా. ఆ పిల్ల గొంతు అంత గట్టిగా ఉండగా ధనమ్మ ఎప్పుడూ వినలేదు. "నువ్వు నన్ను ఎంత ఏడిపించావో ఒక్కరోజు కూడా మర్చిపోలా. నీ మీద జాలిపడేంత మంచిదాన్ని కాదు నేను."

"మరి?"

"ఇంకో ఐదు రోజుల్లో కుట్లు తీస్తారు. అప్పటిదాకా రోజూ మధ్యాహ్నం పడుకో. కుట్లు చీము పట్టినయ్యనుకో, నువ్వు చెప్పిందే రైటు. నేను జన్మలో నోరెత్తను. పట్టకపోతే మాత్రం నాకు సమాధానం చెప్పాల."

"దేనికే సమాధానం?"

గది మూల లహరి చేపపిల్ల బొమ్మతో ఆడుకుంటోంది. ఎడమ మణికట్టు మీద ముడుచుకుపోయిన చర్మం, రూపాయి బిళ్ళంత. రోజా దానివైపు చూసి, మళ్ళీ అత్తవైపు చూసింది.

ఆ మచ్చ కథ పాలెంలో అందరికీ తెలుసు. అందరికీ తెలిసింది ధనమ్మ చెప్పిన కథే. కోసి బిడ్డను తీసిన పద్దెనిమిదో రోజున, మధ్యాహ్నం పూట, ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకుని తల్లి నిద్రపోయింది. బిడ్డ ఒళ్ళోంచి జారి, పక్కనున్న సాంబ్రాణి కుంపటి అంచు మీద చెయ్యి పడింది. "ఇదేం తల్లమ్మా, నిద్రమొహంది" అని ధనమ్మ వీధిలో నిలబడి గుండెలు బాదుకుంది. ఆ పేరు అప్పుడే అతుక్కుంది. ఆ కథలో ధనమ్మ చెప్పనివి రెండున్నాయి. పద్దెనిమిది రోజులుగా ఆ తల్లిని పగలు తాను కన్ను మూయనివ్వలేదు, రాత్రి బిడ్డ మూయనివ్వలేదు. ఆ రోజు మబ్బు పట్టిందని, ఎండబెట్టిన చేపలు తియ్యడానికి పరిగెత్తుతూ, "పడుకున్నావంటే చూడు, గోడకి ఆనుకుని కూర్చో" అని బిడ్డను ఆ తల్లి ఒళ్ళో పెట్టి వెళ్ళింది ధనమ్మే. కుంపటి పక్కన కూర్చోబెట్టింది కూడా ఆమే.

"నాకు పరీక్ష పెడతావటే?" అని ధనమ్మ మంచం మీద నుంచే లేచినంత పని చేసింది. కుట్లు చురుక్కుమన్నాయి. "నా ఇంట్లో ఉంటూ, నా తిండి తింటూ..."

"రేపు పడుకోవా అయితే? చెంబు నింపమంటావా?"

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఆరేళ్ళలో రోజా ధనమ్మ నోరు మూయించడం అదే మొదలు.

మర్నాడూ పడుకుంది. ఆ మర్నాడూ పడుకుంది. ఏం చేస్తుంది, నిద్ర అలాంటిది. కోడలి మీద కోపంతో కళ్ళు మూసుకునేది, కోపంతోనే లేచేది. మధ్యలో మాత్రం హాయిగా గురకపెట్టేది. రోజా రోజూ తలుపుకి ఆనుకుని కూర్చునేది. లేచాక ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవాళ్ళు కాదు. రోజా మళ్ళీ చెంబు నింపి స్టూలు మీద పెట్టేది. అంకమ్మ వసారాలోంచి ఆవలించుకుంటూ వచ్చి, "నిద్రపోలేదు కదా?" అనేది. "లేదు పెద్దత్తా," అనేది రోజా.

మూడో సారి జకరయ్య కట్టు విప్పినప్పుడు కుడివైపు చివరి కుట్టు దగ్గర కొంచెం ఎర్రగా కనబడింది. అంకమ్మ అయ్యో అంది. జకరయ్య వంగి చూస్తుంటే ధనమ్మ ఊపిరి బిగబట్టింది. అప్పుడు ఆమెకి తన మనసులో ఒక పాడు ఆలోచన కనబడింది. చీమైతే బాగుండును అనుకుంటోంది. చీము పడితే తాను రైటు. చీము పడితే ఎవరికీ ఏ సమాధానమూ చెప్పక్కర్లేదు. తన ఒంట్లో చీము పట్టాలని కోరుకునే మనిషి లోకంలో ఎక్కడైనా ఉంటుందా? ధనమ్మ కోరుకుంది.

"ఏం లేదు, ప్లాస్టరు ఒరుసుకుంది," అన్నాడు జకరయ్య.

ఆ మధ్యాహ్నం గొళ్ళెం పడ్డాక కూడా ఆమెకి నిద్ర రాలేదు. నొప్పీ లేదు, ఆవిరీ లేదు. ఊరికే పడుకుని, తలుపుకి ఆనుకున్న పిల్లని చూస్తూ ఉండిపోయింది. రోజా కళ్ళు మూతలు పడుతున్నాయి. తల పక్కకి వాలేది, ఉలిక్కిపడి లేచేది, చప్పున లహరి ఎక్కడుందో చూసుకునేది, మళ్ళీ నిటారుగా కూర్చునేది. నాలుగేళ్ళుగా ఈ పిల్ల ఇలాగే ఉందా? ఈ ఇంట్లో పగలు ఇది పడుకోగా తాను ఎప్పుడైనా చూసిందా? ఎంత గుర్తు చేసుకున్నా ఒక్కరోజు గుర్తు రాలేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా కూర్చునే ఉంది.

కుట్లు తియ్యడానికి ఆటోలో బందరు వెళ్ళారు ముగ్గురూ. అంకమ్మ మందుల చీటీ పట్టుకుని షాపు దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు, లోపల డాక్టరమ్మ ఒక్కొక్క కుట్టూ తీస్తూ, "చక్కగా మానింది" అంది. ధనమ్మ కప్పు వైపు చూస్తూ అడిగింది.

"పగలు పడుకుంటే చీము పడుద్దంటారండీ. నిజమేనా?"

"నిద్రపోకపోతేనే ఒళ్ళు మానదమ్మా. రాత్రీ పగలూ లేదు, నిద్ర వస్తే పోవడమే. ఇదెవరు చెప్పారు నీకు?"

ఎవరు చెప్పారు. తనకి వాళ్ళత్త చెప్పింది. మిగతా పాలెమంతటికీ చెప్పింది తనే. రోజా గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి వసారాలో ఐదారుగురు ఆడవాళ్ళు చేరి ఉన్నారు. వాళ్ళలో బాలస్వామి భార్య ఒకతె. ఆమె కూతురు భవానికి కోసి బిడ్డను తీసి వారమైంది. అంకమ్మ ఆటో దిగుతూనే మొదలుపెట్టింది.

"చుక్క చీము లేదు. డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. ఎందుకుంటది? తొమ్మిది రోజులు రెప్ప వాలనిస్తేగా నేను." బాలస్వామి భార్య భుజం తట్టింది. "మీ భవానికి కూడా రేపట్నుంచి నేనే వచ్చి కూర్చుంటా. నువ్వేం బెంగపెట్టుకోమాక."

"కూర్చో అక్కా, పుణ్యముంటది. వద్దన్నా కళ్ళు మూసేస్తంది ఆ పిల్ల. మీ నిద్రమొహందానిలాగా తయారయ్యింది."

అందరూ నవ్వారు. రోజా ఆటోలోంచి మందుల సంచి దించుతోంది. తల ఎత్తి అత్త వైపు ఒక్కసారి చూసింది.

నోరు మూసుకుంటే సరిపోయేది. అంకమ్మ సంతోషంగా ఊరికి వెళ్ళిపోయేది, ధనమ్మ పరువు పరువుగా ఉండేది. రోజా ఎవరికి చెప్పుకుంటుంది, చెప్పినా ఎవరు నమ్ముతారు? ఇదంతా ధనమ్మకి ఆ ఒక్క క్షణంలో తోచింది. అలా తోచినందుకు ఆమెకి తన మీదే అసహ్యం వేసింది.

"అబద్ధం," అంది.

"ఏంటే అబద్ధం?" అంది అంకమ్మ.

"నేను రోజూ నిద్రపోయా వదినా. ఐదు రోజుల్నుంచీ. నువ్వు వసారాలో పడుకోగానే గొళ్ళెం పెట్టుకుని గురకపెట్టి మరీ నిద్రపోయా. నీ చెంబులో నీళ్ళు కనకాంబరం తాగింది. చూసుకో, ఎట్టా పూసిందో."

అంకమ్మ ముఖం మాడిపోయింది. "నా కళ్ళు కప్పి..."

"కప్పాను. కప్పబట్టే బతికున్నా." కోపంతో ధనమ్మ గొంతు పెంచింది. ఎవరి మీద కోపమో ఆమెకి బాగా తెలుసు. "భవానిని పడుకోనియ్యండి. ఎవరైనా దాని ముఖాన నీళ్ళు కొట్టారని తెలిసిందా, నా కడుపు చినిగినా సరే, వచ్చి ఆ చెంబు నెత్తిన బోర్లిస్తా."

వెనక నుంచి ఒకామె అంది.

"మరి మా అందర్నీ ఎందుకు కాశావే?"

"తెలీక."

"తెలీకపోతే నీ ఇంట్లో నువ్వు ఉండాల. చెంబు పట్టుకుని ఊరంతా తిరగటమెందుకు? నేను నిద్రలేక పిచ్చిదాన్నైపోయా ఆ నెల. నా మొగుడు నాకు గాలి సోకిందని తాయెత్తు కట్టించాడు."

"నాకు పాలు ఎండిపోయినయ్యి," అంది ఇంకొకామె.

మరొకామె తను తెచ్చిన బత్తాయిల సంచి మళ్ళీ చేతికి తగిలించుకుంది. వాళ్ళకి ఇన్నేళ్ళూ ఆ కోపం ఉందని ధనమ్మకి అప్పుడే తెలిసింది. తన భుజం కుదిపిన చేతుల సంగతి కూడా అప్పుడే అర్థమైంది. తిట్టనిచ్చింది. ఇంకొకరు ఎవరైనా ఆ మాటలంటే ఈపాటికి జుట్టు పట్టుకునేది.

"ఇంకోటుంది," అంది వాళ్ళు ఆగాక. "లహరి చెయ్యి కాలింది..."

"వాళ్ళకి కాదు," అంది రోజా. సంచి కింద పెట్టి గుమ్మంలో నిలబడింది. "దానికి చెప్పు."

లహరి కనకాంబరం మొక్క దగ్గర పూలు తెంపుతోంది. ధనమ్మ పిలిస్తే పరిగెత్తుకుంటూ వచ్చింది. కింద కూర్చోవడానికి ఒళ్ళు ఒప్పుకోదు కాబట్టి ధనమ్మ అరుగు మీద కూర్చుని దాన్ని కాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. మణికట్టు పట్టుకుంది.

"మీ అమ్మ పేరేంటి?"

లహరి అందరి ముఖాలూ చూసి, నవ్వుల కోసం ముందే నవ్వుతూ, "నిద్రమొహంది," అంది.

ఎవరూ నవ్వలేదు.

"కాదు. అది నేను పెట్టిన పేరు. తప్పు పేరు. మీ అమ్మ పేరు రోజా. ఇది," అని మచ్చ మీద బొటనవేలు పెట్టింది, "ఇది కాలింది మీ అమ్మ వల్ల కాదు. నేను మీ అమ్మని పడుకోనివ్వలా. చానా రోజులు పడుకోనివ్వలా. నిన్ను నిప్పుల పక్కన కూర్చోబెట్టి పోయా. ఇది కాల్చింది నేను."

లహరి మచ్చని చూసుకుంది. నాయనమ్మని చూసింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ చెయ్యి లాక్కోవడం ధనమ్మకి జానెడు కోత కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. లాక్కోకపోతే ఇంకా తప్పుగా ఉండేదని కూడా అనిపించింది.

రోజా ముఖంలో మార్పేమీ లేదు. ఏడవలేదు, దగ్గరికి రాలేదు. "నేను పడుకుంటున్నా అత్తా. నువ్వు కూర్చో," అంది. లోపలికి వెళ్ళి అత్త మంచం మీదే, గోడవైపు తిరిగి పడుకుంది. వాళ్ళు చూస్తుండగానే, పట్టపగలు, ఇంటినిండా జనం ఉండగా నిద్రపోయింది.

ఆడవాళ్ళు ఒక్కొక్కరూ కదిలారు. బాలస్వామి భార్య అందరికన్నా ముందు, ఇంచుమించు పరుగులాంటి నడకతో ఇంటివైపు వెళ్ళింది. అంకమ్మ చీరలు సంచిలో సర్దుకుని, సాయంత్రం బస్సుకి పోతానని మూతి ముడుచుకుని కూర్చుంది. ధనమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. నడుం లాగుతోంది, ఆవలింతలు ఆగడం లేదు. అది ఆమె పడుకునే వేళ. అయినా కదలకుండా కూర్చుంది.

కాసేపటికి పక్కవీధి ఆవిడ ఎండురొయ్యలు కావాలని వచ్చి, గుమ్మం ముందు నిలబడి లోపలికి కేకేసింది.

"ఏదీ, నిద్రమొహంది లేదా ఇంట్లో?"

ధనమ్మ నోరు తెరిచేలోపు లహరి ఆ గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"మా అమ్మ పేరు రోజా," అంది. "పడుకుంది. లేపమాక."